క్రాఫ్టు టీచరుగారి మబ్బు

ఆవిడ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను గణపవరం దగ్గర ఒక చేపల మేత గోడౌను కప్పు మీద ఉన్నాను. రేకులకు బిగించిన బోల్టుల్లో వదులైనవాటికి సుద్దతో గుర్తు పెడుతున్నాను. ఫోను చేసింది ఆవిడ తమ్ముడు.

"ఏవండీ, అక్క పొద్దున చనిపోయిందండి" అన్నారు.

"ఎవరి అక్కండీ?" అని అడిగాను. ఆయన గొంతు నాకు తెలుసు. ఆ నంబరు నా ఫోనులో పేరుతో సహా ఉంది. ఆయనకు ఉన్నది ఒక్కరే అక్క. అయినా అలాగే అడిగాను.

"మా అక్కేనండి. స్నానానికని నీళ్లు తోడుకుంటూ పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందండి."

"నిన్న సాయంత్రం నాతో మాట్లాడారండీ." ఆయన చెప్పేది తప్పని నిరూపించడానికి నా దగ్గర ఆధారం ఉన్నట్టు అన్నాను.

"మాతోనూ మాట్లాడిందండి. అన్నం తిని, కూర బాగుందని కూడా అంది" అన్నారాయన మెత్తగా.

ఫోను పెట్టేశాక నేను కిందికి దిగలేదు. మిగిలిన వరుసలన్నీ చూశాను. తర్వాత మేస్త్రీ చెప్పాడు, చివరి వరుసల్లో బిగుతుగా ఉన్న బోల్టులన్నిటికీ కూడా నేను గుర్తులు పెట్టేశానని.

ఆవిడ ఏలూరులో ఒక పాత మిషను స్కూల్లో క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. గోడౌన్లకు, ఫంక్షన్ హాళ్లకు ఇనుప కప్పులు డిజైను చేస్తాను. మా ఇద్దరికీ పరిచయం కావలసిన అవసరమే లేదు. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్లు తమ కొత్త భవనం నడిమి ఆవరణలో ప్లాస్టిక్ వ్యర్థాలతో చేసిన పెద్ద మబ్బు వేలాడదీయాలనుకున్నారు. పై దూలాలు ఆ బరువు ఆపుతాయో లేదో రాసిమ్మని నన్ను పిలిచారు. మబ్బు చేస్తున్నది ఎవరని అడిగితే ఆవిడ ఇంటి గుర్తులు చెప్పారు.

మా మొదటి సంభాషణ బరువు గురించే.

"ఎంత ఉంటుందండీ?" అని అడిగాను.

"మబ్బు బరువు ఎవరైనా తూచారాండీ?"

"నేను తూస్తానండి."

"ఆయ్, తూచండి" అంటూ నా చొక్కా చేతి గుండీ దగ్గర వేలాడుతున్న దారాన్ని పట్టుకున్నారు. నేను దూలాల గురించి చెబుతూనే ఉన్నాను. ఆవిడ రొమ్ము దగ్గర పైటకు గుచ్చుకున్న సూది తీసి, ఆ గుండీని మళ్లీ కుట్టి, మిగిలిన దారాన్ని పంటితో కొరికి, "ఇప్పుడు చెప్పండి" అన్నారు. అప్పటిదాకా చెప్పిందంతా మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. మాట్లాడుతున్నా, బస్సు కోసం నిలబడినా, చర్చిలో ప్రసంగం వింటున్నా వేళ్లు ఏదో ఒకదాన్ని మెలితిప్పుతూనే ఉండేవి. కొలతలు జానల్లో, బెత్తల్లో, వేళ్లలో చెప్పేవారు. నేను మిల్లీమీటర్లలో చెబితే వేళ్లు మడిచి తన లెక్కలోకి మార్చుకునేవారు, అది తప్పేది కూడా. తప్పిందని చెబితే, "మీ టేపు సాగిందేమోనండి" అనేవారు. ఎక్కడికి వెళ్లినా సంచిలో సొంత స్టీలు గ్లాసు ఉండేది. కాగితం కప్పులో టీ ఇస్తే, "దీని లోపల కూడా ప్లాస్టిక్ పూత ఉంటుంది బాబూ" అని టీ కొట్టతనికి పాఠం చెప్పి తన గ్లాసులో పోయించుకునేవారు. నేను మనవడి వయసువాణ్ణయినా నన్ను ఇంజినీరుగారూ అనే పిలిచేవారు. నాకిష్టమైన ఇంకో అలవాటు, ఒప్పుకోని విషయానికి "అలాగేనండి" అనడం. నిజంగా ఒప్పుకుంటే ఏమీ అనకుండా పని మొదలుపెట్టేవారు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. కాలేజీ ప్రిన్సిపాలుగారికి మాత్రం ఎప్పటికీ తెలియలేదు.

ఈ వయసులో ఆవిడకు ప్లాస్టిక్ మబ్బు గొడవ ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు దానంతట అదే తెలిసింది. కలిసి ఏలూరు నుంచి గూడేనికి బస్సులో వెళుతున్నాం. దెందులూరులో ఒకామె ఎక్కి మా పక్క సీట్లో కూర్చుంది. ఒళ్లో పచ్చ, పసుపు గళ్ల ప్లాస్టిక్ వైరు బుట్ట.

"ఎక్కడిదమ్మా ఆ బుట్ట?" అని అడిగారు టీచరుగారు.

"మా అత్తగారిదండి. చదువుకునేటప్పుడు స్కూల్లో అల్లారంట."

"బాగున్నారా ఆవిడ?"

"లేరండి. నా పెళ్లయిన మరుసటేడే కాలం చేశారు." ఆమె బుట్టను మురిపెంగా తట్టింది. "దీనికి మటుకు ఏమీ కాలేదు చూడండి. తాటాకు బుట్టయితే ఈపాటికి ఎన్ని కొనాలో. నేనూ పోతాను గానీ ఇది పోదండి."

టీచరుగారు చెయ్యి చాపి బుట్ట పిడి చివర ముడిని తడిమి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "నా క్లాసుదేనండి" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మీ పని గుర్తుపట్టారే అని నేను మెచ్చుకోబోయాను. ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను.

"తాటాకు బుట్టతో వచ్చిన పిల్లని బెంచీ ఎక్కించేదాన్నండి, నాగరికత లేదని. ఏడాదికెంతమందో, ఒక్కొక్కరు ఎన్నేసి అల్లారో. లెక్కలు మీకొచ్చుగా, వేసుకోండి. అందులో ఒక్కటీ మట్టిలో కలవలేదు. అన్నీ ఎక్కడో అక్కడ ఉన్నాయి."

నేను మనసులో ఆ లెక్క వేయడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

మబ్బు మొత్తం కొల్లేటి చుట్టుపక్కల ఏరినదే. మేత సంచుల లోపలి పొరలు, మంచినీళ్ల పాకెట్లు, చేపలు ఎగుమతి చేసే థర్మోకోల్ పెట్టెల ముక్కలు, చెరువుల్లో చల్లే మందుల డబ్బాలు, పాత నల్ల పైపులు. పైపులను చుట్టలుగా వంచి అస్థిపంజరం చేశారు. పొరలను కడిగి, ఆరబెట్టి, పట్టీలుగా కోసి దానిమీద అల్లారు. ఎందుకు మబ్బే అంటే ఆవిడ జవాబు సూటిగా ఉండేది. "కొల్లేట్లో నీళ్లు ఎండకి ఆవిరై మబ్బు అవుతాయని పిల్లలకి చెప్పాం కదండీ. మరి ఆ నీళ్లలో మనం వేసిందంతా ఎక్కడికి పోద్ది? అదీ పైకెళితే ఎలా ఉంటుందో చూపిస్తాను. తలెత్తి చూడాలి అందరూ."

ఇక వానధారలు. చేపల చెరువుల మీద కొంగలు, నీటికాకులు దిగకుండా గట్టు నుంచి గట్టుకు నైలాను దారాలు కడతారు. అవి తెగిపోయి గట్ల మీద చిక్కులు పడి ఉంటాయి. పిట్టల కాళ్లకు చుట్టుకుంటున్నాయని ఆవిడ ఊరూరా తిరిగి వాటిని ఏరి తెచ్చేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఒక రైతు అడిగాడు.

"దారాలన్నీ మీరు పట్టుకుపోతే కొంగల్ని ఎవరు తోల్తారు టీచరుగారూ? మీరు తోల్తారా?"

"తెగినవే తీస్తున్నానండి. తోలమన్నా తోల్తాను. జీతమెంతిస్తారు?"

"జీతమెందుకండీ, కొంగలు తినగా మిగిలిన చేపలు మీవే."

"అలాగైతే మీకూ నాకూ కొంగలే జీతమివ్వాలి" అన్నారావిడ దారం చుట్టుకుంటూ.

ఆ దారాలనే కడిగి, మబ్బు కింద వందలుగా వేలాడదీశారు. ఎండ తగిలితే మెరిసేవి.

కాలేజీలో వేలాడదీసే ముందు దాన్ని చేపల కాటాకు తగిలించి తూచాను. నేను అనుకున్నదానికంటే తక్కువే వచ్చింది. అయితే ఆవరణకు కప్పు లేదు, వాన పడుతుంది. తోట పైపుతో తడిపి మళ్లీ తూచాను. పాకెట్లలో, మడతల్లో నీళ్లు నిలిచిపోయి ముల్లు ఎక్కడికో వెళ్లిపోయింది. నేను కంగారుపడి ప్రతి మడతకూ చిల్లు పెట్టాలన్నాను. "అలాగేనండి" అన్నారావిడ. చిల్లులు పెట్టరని అర్థమై ఇనుప తాళ్లు రెట్టింపు చేశాను. ఆవిడ తడిసిన మబ్బు కింద నిలబడి, చీర తడిసిపోతున్నా కదలకుండా, "మబ్బన్నాక నీళ్లు మొయ్యాలి కదండీ" అన్నారు. అంత సంతోషంగా ఆవిడను నేను చూసింది అదొక్కసారే.

చైను పుల్లీతో పైకి లాగిన రోజు ఆవరణలో వెలుతురు మారిపోయింది. బాగా వాన వచ్చే ముందు ఉండే బూడిద రంగు కమ్ముకుంది. దాటిపోతున్న ఒక అమ్మాయి చినుకు పడుతోందేమోనని అరచెయ్యి చాపి చూసుకుంది. ఆవిడ మోచేత్తో నన్ను పొడిచి అది చూడమన్నారు.

కొన్ని వారాల తర్వాత బిగింపులు సరిచూడడానికి వెళ్లాను. మర్నాడు కాలేజీలో పర్యావరణం మీద పెద్ద సభ. ఎవరెవరో వస్తున్నారు, మబ్బు కిందే వేదిక. ఆవిడ కూడా ఏలూరు నుంచి వచ్చి, స్టీలు గ్లాసులో టీ తాగుతూ పైకి చూస్తున్నారు.

"ఇంజినీరుగారూ, ఆ తూర్పు పక్కన నీలంగా ఏదో ఉంది చూడండి. పిల్లలెవరైనా ఏదైనా కట్టారా? నేను నీలం వాడలేదే."

నిజమే, ఆవిడ నీలం వాడలేదు. బూడిద, తెలుపు, మాసిన పసుపు, నలుపు, అంతే. నేను నిచ్చెన వేసుకుని ఎక్కాను. దగ్గరికి వెళ్లేదాకా అదొక షాంపూ పొట్లం అనుకున్నాను. అది లకుముకిపిట్ట. మూడు వానధారలు మెడకూ రెక్కకూ మెలికలు పడి ఉన్నాయి. ముక్కు తెరుచుకుని ఉంది. బాగా పెనుగులాడినట్టు చుట్టూ దారాలు ఉండలు కట్టాయి. నేను కింద ఉన్న ఆవిడ వైపు చూశాను. "పిట్టండి" అన్నాను.

"బతికుందా?"

"లేదండి."

ఆవిడ గ్లాసు నేల మీద పెట్టారు. నేను పిట్టను దారాలతో సహా కోసి తెచ్చి చేతిలో పెడితే, చాలాసేపు ఆ దారాలను విడదీస్తూ కూర్చున్నారు. అంత నేర్పుగల వేళ్లకు ఆ చిక్కు విడలేదు.

"చెరువుల మీంచి వీటిని ఎందుకు తీశానండీ నేను?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు.

ప్రిన్సిపాలుగారు వచ్చారు. మంచి మనిషి, కంగారు ఎక్కువ. "అయ్యో, పాపం. అటెండరుతో తీయించేద్దాం మేడమ్. ఒక్క పిట్టే కదండీ. రేపు సభ అయిపోయాక మిగతాది ఆలోచిద్దాం" అన్నారు.

"అలాగేనండి" అన్నారావిడ.

ఆయన తృప్తిగా వెళ్లిపోయారు. నేను చైను పుల్లీ తెచ్చాను. నన్ను ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నానికి మబ్బు నేల మీద ఉంది. ఆవిడ దాని మధ్యలో చతికిలబడి వానధారలన్నీ ఒక్కొక్కటిగా కోసేశారు. పిల్లలు క్లాసులు మానేసి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ఫోటోలు తీయలేదు. ప్రిన్సిపాలుగారు మళ్లీ వచ్చేసరికి పైన ఖాళీ ఆకాశం, నా కొక్కేలు మాత్రమే ఉన్నాయి.

"ఇదేంటండీ ఇది?" అన్నారాయన. నా వైపు తిరిగి, "మీరైనా చెప్పొచ్చు కదండీ" అన్నారు.

"నా మబ్బు ఒక ప్రాణం తీసిందండి" అన్నారావిడ. "మళ్లీ అల్లుకొస్తాను. ఈసారి పిట్ట తల పట్టే సందు ఒక్కటీ ఉండదు. తొలకరికి మీ కొక్కేలకి ఉంటుంది. మీరు వద్దంటే రోడ్డు మీద కట్టుకుంటాను."

ఆయన వద్దనలేదు. కోపం తగ్గాక, తొలకరిలోపు తెస్తే పెట్టుకుంటామని ఫోను చేసి చెప్పారు కూడా.

అప్పటినుంచి ఆవిడ ఇంట్లో వరండా మొత్తం మబ్బే. నైలాను దారం ఒక్కటీ లేదు. ఒకప్పుడు పిల్లలకు నేర్పిన వైరు బుట్ట అల్లిక, ఇక జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకున్న అల్లిక, దాంతోనే అంతా బిగించి అల్లుతున్నారు. అంత గట్టి అల్లిక ఆవిడకు ఇంకొకటి రాదు. చిటికెన వేలు ప్రతి సందులోనూ గుచ్చి చూసేవారు. వేలు దూరితే ఆ వరుసంతా విప్పేసేవారు. నేను చూడడానికి వెళ్లినప్పుడల్లా వేళ్ల చివర్లు పగిలి ఉండేవి. ఆవిడ మరదలుగారు కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టి, "చెప్పండి మీరైనా, పడుకోమని" అనేవారు నాతో. నేను చెప్పేవాణ్ణి. జవాబు ఏం వచ్చేదో చెప్పక్కర్లేదు.

ఆవిడ చివరి ఫోను పోయే ముందురోజు సాయంత్రం వచ్చింది. "ఒక్క మూల మిగిలిందండి. మూడు మూటలు కట్టాను, విడి భాగాలుగా పట్టుకెళ్లి అక్కడ కలుపుకుందాం. మీ పుల్లీ సిద్ధం చేసుకోండి. మొదటి వాన దానిమీదే పడాలి."

భూస్థాపన రోజు ఆ మూటలు చూశాను. వరండాలో ఆవిడను ఉంచడానికి వాటిని గోడవారకు జరిపారు. పాత చీరల్లో కట్టినవి, నా నడుమెత్తు ఉన్నాయి. అందరూ వాటిని ఒరుసుకుంటూనే వచ్చి చూసి వెళ్లారు. ఆ సమయంలో అడగడం బాగుండదని ఊరుకున్నాను. సమాధుల తోట నుంచి వచ్చాక కాలేజీకి ఫోను చేశాను. ప్రిన్సిపాలుగారే తీశారు. "తెచ్చెయ్యండి. మిగిలిన మూల అలాగే వదిలేద్దాం" అన్నారు. ట్రాలీ ఆటో మాట్లాడాను. పుల్లీకి నూనె పెట్టాను. కొక్కేలు, తాళ్లు, బిగింపులు, నిచ్చెన, ఇద్దరు మనుషులు, అన్నీ సరిచూసుకున్నాను. ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక అయ్యాక వాళ్ల తమ్ముడినడిగి తీసుకెళ్లాలనుకున్నాను.

కూడికకు ఇల్లంతా కడిగారు. వరండా తళతళలాడుతోంది. అక్కడ కుర్చీలు వేశారు. నేను చివరి కుర్చీలో కూర్చున్నాను. చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. ఆవిడ దగ్గర చదువుకున్న ఒక పెద్దావిడ లేచి, టీచరుగారు తనను బెంచీ ఎక్కించిన సంగతి చెప్పి ఏడ్చింది. తర్వాత భోజనాలు. కోడి పలావు, పెరుగుచట్నీ. మరదలుగారు స్వయంగా వడ్డిస్తూ వచ్చారు. ఆవిడ కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మీరు పస్తున్నట్టున్నారు, బాగా తినండి" అన్నారు.

"వరండాలో మూటలుండాలి కదండీ" అన్నాను. "ఎక్కడ పెట్టించారు? నేను పట్టుకెళతాను, కాలేజీవాళ్లు అడిగారు."

"ఏ మూటలండీ? ఆ ప్లాస్టిక్కా?" ఆవిడ గరిటె గిన్నెలో పెట్టారు. "నిన్న ఇల్లు కడిగేటప్పుడు అడ్డమని ఉల్లిపాయల బండికి వేసేశామండి."

నాకు వినబడింది. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను.

"మైకు పెట్టుకుని వస్తాడు చూడండి, పాత ప్లాస్టిక్కుకి ఉల్లిపాయలిస్తానని, ఆ బండి. మూటలు మొయ్యలేక ముగ్గురు పట్టారు. కోసి పేరుద్దామంటే వాడి కత్తి దిగలేదండి, ఎలా అల్లిందో మా వదిన. తొక్కి తొక్కి ఎక్కించుకున్నాడు. చీరలు మటుకు విప్పి ఉంచుకున్నాను, ఆవిడ గుర్తుగా ఉంటాయని."

"ఏ బండండీ? ఎటు వెళ్లింది?"

"ఎవరు చూశారండీ. రోజుకొకడు వస్తాడు." నా ముఖంలో ఏం కనిపించిందో, ఆవిడ గొంతు తగ్గించారు. "ఏం, కావాల్సినవాండీ అవి? రోజూ ఏరుకొచ్చి కడిగేది కదా, చెత్తే అనుకున్నామండి. పోన్లెండి, వాడు మంచి ఉల్లిపాయలే ఇచ్చాడు. ఇంతమందికి కొనకుండానే సరిపోయాయి. తన కూడికకి తనే పెట్టుకున్నట్టయింది మా వదిన."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. చుట్టూ అందరూ తింటున్నారు. నా ప్లేటులో పలావు పక్కన పెరుగుచట్నీ ఉంది. తెల్లటి పెరుగులో సన్నగా, ఒక్క తీరుగా కోసిన ఉల్లిపాయ ముక్కలు తేలుతున్నాయి. ఆటో అబ్బాయి గేటు బయట హారను కొట్టి, రమ్మంటారా అన్నట్టు చూశాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను.

"ఏవండీ, చట్నీ ముట్టుకోలేదు" అన్నారు మరదలుగారు. "ఉల్లిపాయ పడదాండీ?"

"పడుద్దండి" అన్నాను.

"మరి తినండి" అని ఇంకో గరిటెడు వేశారు.